మూడోసారి అడగాలి

బెమిడ్జి,
ఫిబ్రవరి 9

మరదలు మార్లిస్‌కు,

అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ అక్క క్షేమం, నేనూ ఫరవాలేదు.

మా పెళ్లినాడు చర్చి మెట్ల మీద అక్క చెయ్యి పట్టుకుని, నీకు ఒంట్లో బాగోకపోతే ఎక్కడున్నా వచ్చేస్తానన్నావు. మీ అక్క ఆర్డిస్‌కి పక్షవాతం వచ్చి రెండు చలికాలాలైంది. ఫోనులో రమ్మంటావా బావా అని రెండుసార్లు అడిగావు, వద్దమ్మా అన్నాను. మన వైపు కాఫీ ఇస్తానన్నా రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకుంటాం. అరిజోనా ఎండకి ఆ మర్యాద ఆవిరైపోయినట్టుంది నీకు.

ఇంట్లోని చరిత్ర పుస్తకాలన్నీ మళ్లీ చదివాను. సామ్రాజ్యాలు కూలిన వైనం వివరంగా రాశారు. మనిషిని మంచం మీంచి కుర్చీలోకి దించే వైనం ఒక్కడూ రాయలేదు. ఆర్డిస్ మీద అరవకుండా ఉండాలంటే గరాజ్‌లోకి పోయి, కారులో అద్దాలు బిగించుకుని కూర్చునేవాణ్ని. ఇంకొన్నాళ్లయితే ఆమెకన్నా ముందు నేనే పడిపోయేవాణ్ని.

నవంబరులో పక్కింటి బెర్నడీన్ వేడివేడి హాట్‌డిష్ వంటకం గిన్నెతో వచ్చి, గురువారాలు ఆర్డిస్‌ని నేను చూసుకుంటానంది. వద్దన్నాను. మళ్లీ అంది, మళ్లీ వద్దన్నాను. ఇది మూడోసారి ఐనార్, నోర్మూసుకుని కోటు తొడుక్కో అంది. అంతలో లోపల్నించి ఆర్డిస్ నన్ను పో అంది. జబ్బు చేశాక ఆమె నోట అంత స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నాలు గడ్డకట్టిన సరస్సు మీద నా చేపల గుడిసెలో ఉంటాను. పొయ్యి రాజేసి, మంచు కన్నంలో గాలం వదిలి, పుస్తకం తెరిచి, హాయిగా నిద్రపోతాను. ఇంటికొచ్చేసరికి ఇద్దరూ పేకాడుతుంటారు. మీ ఆవిడ ముక్కలు ఒళ్లో దాస్తోంది, దొంగ మొహం అంటుంది బెర్నడీన్. ఆర్డిస్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, చేపేదీ అని నన్నడుగుతుంది. ఖాళీ చేతులు చూపిస్తే మళ్లీ నవ్వు. గరాజ్‌లో కూర్చోవడం మానేశాను. రాత్రి ఆమె జుట్టు దువ్వుతూ నేను ఏదో కూనిరాగం తీస్తున్నానట.

ఇట్లు,
నీ బావ
ఐనార్

తా.క. కవరు అంటించబోతుంటే బెర్నడీన్ వచ్చి అసలు సంగతి బయటపెట్టింది. నవంబరులో నువ్వే ఆమెకు ఫోన్ చేశావట. మా బావ రెండుసార్లు వద్దంటాడు, వదలకు, నేనడిగితే మొహమాటంతో చస్తాడు అన్నావట. విని ఆర్డిస్ మా పెళ్లి ఫొటో తెమ్మని ఒళ్లో పెట్టుకుంది. సంతోషంగానే ఉంది. మంచు కరిగాక, జూన్‌లో నువ్వు రావాలంటోంది. అప్పటికి నా కోపం చల్లారుతుందని మాత్రం అనుకోకు. ఆ మూడోసారి అడగాల్సింది బెర్నడీన్ కాదు. తప్పు ఇప్పటికీ నీదే, మార్లిస్.