కాలవగట్టు మీద బడి

1951, ఆషాఢం, గురువారం రాత్రి

జిల్లా బోర్డు మా బడికి సొంత కట్టడం మంజూరు చేసి, ఎక్కడ కట్టాలో గ్రామ కమిటీని తేల్చమంది. తీర్మానం రాయడానికి నేనూ కూర్చున్న ఇవాళ్టి మీటింగులో ప్రెసిడెంటుగారు తన కొబ్బరితోటలోనే అన్నారు. హరిజనపేట తరపు సభ్యుడు వెంకన్న లేచాడు.

"మా పిల్లల్ని తమరి తోటలో అడుగెట్టనివ్వరు కదండీ. కాలవగట్టు మీద కట్టించండి."

కాలవగట్టుకి అతనితో కలిపి నలుగురు చేతులెత్తారు. తోటకి ప్రెసిడెంటుగారి చెయ్యి ఒక్కటే. ఆయన అల్లుడు దుడ్డుకర్ర తీసుకుని, ఎత్తి ఉన్న వెంకన్న చేతిమీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. మిగతా చేతులు దిగిపోయాయి. వెంకన్న రెండో చెయ్యి ఎత్తాడు.

"ఇదింకా ఉందండీ."

కర్ర మళ్ళీ లేచింది. నేను అడ్డం పడ్డాను. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారింది.

"మేష్టారూ, అందరూ తోటకే ఒప్పుకున్నారని బోర్డుకి రాయండి. లేదంటే మూటాముల్లె సర్దుకోండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆయన ఏం చెప్పినా "ఆయ్" అనే నోరు నాది. ఇవాళ ఆ మాట రాలేదు.

"జరిగిందే రాస్తానండీ."

వెంకన్నను పడవలో అమలాపురం ఆసుపత్రికి పంపాం. ఇంటికొచ్చి కర్రదెబ్బతో సహా అంతా రాశాను. బోర్డులో ఆయన బంధువులున్నారు. చదువుతారో, చింపేస్తారో...

నేను చెప్పకుండానే మా ఆవిడ సామాను సర్దుతోంది.