స్టేషనంతా విన్న గొంతు

అబ్బాయీ, క్షేమంగా చేరాను.

నువ్వు వెనక్కి తీసుకురమ్మన్న నీ కూతురు చేసే ఉద్యోగం నిన్న రైల్వే స్టేషనులో కూర్చుని విన్నాను. చుట్టాలొస్తే తలుపు చాటున దాక్కునే ఆ పిల్ల మైకులో "బండి ఒకటో ప్లాట్‌ఫారానికి బదులు మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది" అనగానే, అంత మహానగరపు జనమూ మూటాముల్లె ఎత్తుకుని ఒక్కసారిగా కదిలింది. ఎవరి మాటకీ లేవని నేనూ లేచి నిలబడ్డాను!

"నీకు భయం వెయ్యదటే?" అన్నాను తరవాత.

"రోజూ వేస్తుంది నాయనమ్మా. నాకు భయమని బండి ఆగుతుందా?"

పెరటి పంపు బాగుచేయించావా? పిల్ల మందపాటి దుప్పటి పార్సెలు చెయ్యి, ఇక్కడ దాని గది చలిగా ఉంది. ఆదివారం ఒక్కదాన్నే బయలుదేరుతున్నాను. ఏ ప్లాట్‌ఫారమో అదే చెబుతుంది, నేను వింటాను. నువ్వూ దాని మాట వినడం నేర్చుకో.

కోడలికి నా దీవెనలు. నీకు, విన్నాక.

అమ్మ