మందార నీళ్ళ సీసాలు

సైన్సు సారు గారికి,

మీ ఎదుట నిలబడే ముఖం లేక ఇలా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పాప జ్వరంతోనే పోయిందని డాక్టరు ఎంత మొత్తుకున్నా నా చెవికి ఎక్కలేదు. పాప పోయాక దాని మంచం కింద ఎర్రనీళ్ళ సీసా, ఆకుపచ్చ నీళ్ళ సీసా కనబడ్డాయి. అవి పట్టుకుని బడికొచ్చి, పిల్లలందరి ముందూ "ఈ విషాలు చేతికిచ్చి నా పిల్లని పొట్టన పెట్టుకున్నావు" అని అరిచి, మిమ్మల్ని నువ్వు అని కూడా అనేశాను. మీరు మాత్రం "కూర్చోండమ్మా" అని కుర్చీ లాగారు.

నిన్న కిటికీలో పాప ఎండబెట్టిన మందార పూలు చూశాను. "అమ్మా, ఈ పూల నీళ్ళలో నిమ్మకాయ పిండినా సబ్బునీళ్ళు పోసినా రంగు మారుతుంది, ఒక్కసారి చూడవే" అని నా కొంగు లాగేది. "కూర మాడుతోంది, పోవే" అనేదాన్ని. నిన్న ఆ పూలు నేనే మరగబెట్టాను. ఆ నీళ్ళలో నిమ్మకాయ పిండితే ఎర్రబడ్డాయి. ఇంకో గ్లాసులో సబ్బునీళ్ళు పోస్తే ఆకుపచ్చగా మారాయి. అవే రంగులు సారూ, ఆ సీసాల్లోవే.

నా నోటి మూలంగా పెద్ద సారు మీ ప్రయోగాల క్లాసు ఆపేశారట. పిల్లలు మీ గదిలోకి రావడానికే భయపడుతున్నారట. సోమవారం పూలూ నిమ్మకాయలూ పట్టుకుని వస్తాను. పెద్ద సారు లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరే నిలబడి పిల్లలకి రంగు మార్చి చూపిస్తాను. నిమ్మకాయ పిండిన ఆ ఎర్రనీళ్ళు వాళ్ళ ముందే గ్లాసెడూ తాగుతాను.

ఇట్లు,
మూడో బెంచీ పాప వాళ్ళ అమ్మ