పేఠా తరిగిన చాకు

మైకేల్,

ఒక చాకు స్క్రూ గురించి తమ్ముడి మీద నాకింత కోపం దేనికి? పొద్దుటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

నా మడత చాకు కీలు స్క్రూ పట్టేసింది నువ్వనుకున్నట్టు తుప్పు వల్ల కాదు. "కూరగాయల కత్తికి ఉల్లిగడ్డ వాసనొస్తది" అని మీ వదిన అనగానే, క్రిస్మస్ కేకులోకి పేఠా, అదే పాకంలో నానిన బూడిదగుమ్మడి మిఠాయి, తరగడానికి నా చాకు తీసినవాడివి నువ్వు. కడగకుండా మడిచావు. పాకం కీలులోకి దిగి గడ్డకట్టింది. నువ్వేమో తుప్పనుకుని నూనె పోశావు; నూనె పోస్తే చక్కెర కరుగుతుందా? మరిగిన నీళ్లలో చాకును నానబెట్టు. నీళ్లు చల్లారితే మార్చు. తరవాత తుడిచి ఎండలో పెట్టు. స్క్రూ జోలికి మాత్రం పోవద్దు. "ఏం కాదన్నా, జర గట్టిగ తిప్పితే వస్తది" అంటూ నిన్న నువ్వు తిప్పిన తిప్పుడుకే దాని గాడి సగం అరిగింది. ఇంకొక్కసారి జారితే ఆ చాకు ఇక తెరుచుకోదు. ఆఫీసు అయ్యాక అబిడ్స్‌లో గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్ కొని తెచ్చి నేనే విప్పుతాను.

పేఠా సన్నగా తరిగావు. కేకు బాగుంటుంది. అది వేరే సంగతి.

— డెన్నిస్

ఇదంతా చదివాక కూడా ఒకసారి తిప్పి చూస్తావు, నిన్ను ఎరుగుదును. అందుకే నీ స్క్రూడ్రైవర్‌ను నా సంచిలో వేసుకుని బయలుదేరుతున్నాను.