ఇనుప పూసలూ నా నీలం రంగూ

చెల్లికి అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం, నా కడుపుమంట ఒక్కటి తప్ప.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. నొప్పా పాడా! మా కార్ఖానాలో నువ్వు పెట్టించిన ఇనుప పూసల తొట్టిలోంచి మొదట్లో వచ్చిన తేట నీళ్ళు సీసాలో పట్టుకుని వీధంతా తిరుగుతోంది. పాలవాడికీ, ఎదురింటి టైలరమ్మకీ చూపించి, రంగు నీళ్ళని మా చిన్నది ఇలా చేసిందని మురిసిపోతోంది. అదే అద్దకం కార్ఖానాలో నేను ఇన్నేళ్ళుగా నూలుకి నీలం ఎక్కిస్తున్నానా, ఒక్క గుడ్డముక్క ఎవరికైనా చూపించిందా? ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసిపోని రంగు నాది. నువ్వేమో మేం వదిలేసిన రంగు నీళ్ళలో పెరాక్సైడ్ మందు కలిపి, ఆ పూసల మీదుగా పారించి, ఒక్క పూటలో దాన్ని ఊడ్చేస్తావు. మా యజమాని కూడా ఇప్పుడు నన్ను "ఇంజనీరమ్మ గారి అక్క" అంటున్నాడు. ఒళ్ళు మండదూ?

ఇక నీ అసలు ప్రశ్న. వారం నుంచి నీళ్ళు నీలంగానే ఎందుకు వస్తున్నాయి, పూసల్లో చేవ చచ్చిందా అని అడిగావు. ఎల్లుండి కాలుష్య అధికారుల సమావేశంలో ఓటమి ఒప్పుకుని తొట్టి తీసేయిస్తానని రాశావు. అది చదివాక నాకు ముద్ద దిగలేదు.

నీ పూసలకేం కాలేదే. అద్దకానికి వాడే సోడా కలిసిన మా నీళ్ళు నేరుగా పోతే అవి పనిచెయ్యవని, ముందు యాసిడ్ కలిపి నీటిని పులుపెక్కించాలని నాకే కదా అప్పజెప్పి వెళ్ళావు. నేను కలపలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. నీళ్ళు నీలంగా వచ్చిన మొదటి రోజు నా రంగే గెలిచిందని మురిసిపోయాను. నీళ్ళు శుభ్రపడకపోతే కార్ఖానాకి తాళం వేస్తారని, నా నీలానికీ చోటుండదని తెలిసి కూడా చేశాను చూడు.

ఇవాళ పొద్దున యాసిడ్ కలిపాను. సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. అమ్మేమో, "చిన్నదానికి తెలుసా? ముందు దానికి చెప్పు" అంది. అప్పుడు కూడా నీ గురించే!

అందుకే ఈ ఉత్తరం మా కార్ఖానా లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపటికల్లా అందుతుంది. సమావేశంలో తప్పు అక్కదేనని చెప్పు. నా కొలువు పోతే పోనీ. నన్ను కాపాడాలని నువ్వు నోరు మూసుకున్నావో, అది మాత్రం భరించలేను. మంచిదన్న పేరు కూడా నీకే వస్తుంది.

ఇట్లు,
నీ మీద కుళ్ళు ఇంకా పూర్తిగా చావని
నీ అక్క