తాడు అవతల ఎల్బర్ట్ గారు

చిరంజీవి లోవెల్‌కు అమ్మ దీవెనలు.

దేవుడి దయవల్ల ఇక్కడ నేను క్షేమం, కుక్క క్షేమం, ఇంటి కప్పు క్షేమం. ఆ జర్మనీ చలిలో, సైనికుల బసలో నువ్వూ క్షేమమని తలుస్తాను. మా ఊళ్లో క్షేమంగా లేనిదల్లా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే. దాని సంగతి తీరిగ్గా చెప్తాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

ఉన్ని మేజోళ్లు అందాయన్నావు, సంతోషం. పొడుగెక్కువయ్యాయన్నావు, మడుచుకో. చూరు కింది కాలువలో ఆకులు తియ్యడానికి నేనే నిచ్చెన ఎక్కుతున్నానేమోనని బెంగపడ్డావు. నేనెక్కలేదు, పక్కింటి ఎల్బర్ట్ గారు ఎక్కారు. నేను కింద నిచ్చెన పట్టుకుని, ఇక్కడ మిగిలాయి, అక్కడ మిగిలాయి అని చెప్తూ నిలబడ్డాను. ఆయన ఒక్క మాట ఎదురాడలేదు. మీ నాన్నగారు బతికుంటే మధ్యలోనే దిగొచ్చి చీపురు నా చేతికిచ్చేవారు.

ఇక జట్టు. హార్లన్ స్టబ్స్ నీకు ఉత్తరం రాశాడని, ఈ ఏడు కప్పు మనదేనన్నాడని రాశావు. ఒరేయ్ నాయనా, హార్లన్ ఊరందరికీ క్షవరం చేస్తాడు. కుర్చీలో కూర్చున్నవాడి మెడ మీద కత్తి పెట్టి జట్టు ఎలా ఉందంటే బ్రహ్మాండమనక చస్తారా? అవే మాటలు పోగేసి నీకు రాసుంటాడు. నేను ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదటి ఆట పొట్టేళ్లని పేరు పెట్టుకున్న కాలేజీ జట్టుతో. గెలిచాం. ఎలా గెలిచామంటే, వాళ్ల కుర్రాడు బంతి పట్టుకుని దారితప్పి వెనక్కి, తన జట్టు వైపే పరుగెత్తాడు కాబట్టి. రెండో ఆట కోడిపుంజులతో. అదీ గెలిచాం. చివరి తన్ను వాళ్లవాడు తన్నితే బంతి స్తంభానికి కొట్టుకుని వెనక్కొచ్చింది, అందుకని. హార్లన్ మాత్రం మన రక్షణ ఉక్కుగోడ అన్నాడు. నేను చూసింది జల్లెడ. మన ముందు వరుసలో ఎడమ పక్కన బర్ల్ అని ఒక కొత్త కుర్రాడున్నాడు. ఇంత భారీ మనిషి, చూస్తే గుండె నిండుతుంది. ఎదుటివాడు ఊ అంటే చాలు, పిండి బస్తాలా వెల్లకిలా పడతాడు. వాడు పడగానే వాడి మీంచి నలుగురు దూకొచ్చి మన బంతి విసిరే పిల్లాడి మీద పడతారు. పాపం ఆ పిల్లాడు ఈ ఏడు నిలబడి విసిరినవాటికంటే పడుకుని విసిరినవే ఎక్కువ. ఇది గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. కానీ రెండు ఆటలు గెలిచిన జట్టు గురించి మన ఊళ్లో ఇలాంటి మాట అంటే ఇంకేమైనా ఉందా? చర్చిలో పక్కన కూర్చోనివ్వరు.

మన గుంపు ఎప్పటిలాగే మైదానం చివర స్తంభాల వెనక గట్టు మీదే. ట్రక్కులు వెనక్కి తిప్పి పెట్టుకోవడం, చుట్టూ తాడు కట్టుకోవడం, పొద్దున్నే పొయ్యి వెలిగించడం, వండుకు తింటూ అక్కడినుంచే ఆట చూడటం, అంతా మామూలే. వంటపెత్తనం నాదే. మన ఆచారం నీకు తెలియంది కాదు, ఏ జట్టు మీద ఆడితే ఆ జంతువునే తినాలి. పొట్టేళ్ల రోజు మాంసం పులుసు, పుంజుల రోజు కోడి వేపుడు. అదీ కాక, మన జట్టు జెల్లచేపలు గనక, మొదటి ఆట నుంచి ఆఖరి ఆట దాకా ఊళ్లో ఒక్క గడపలోనూ జెల్లచేప ముట్టరు. ఆఖరికి ఏటి ఒడ్డు హోటల్‌వాడు కూడా పలక మీద ఆ పేరు చెరిపేస్తాడు.

మూడో ఆట మొసళ్లతో. ఆ రోజు ఓడిపోయాం. ఆట చివరిదాకా ముందున్నది మనమే. గడియారంలో కాస్త సమయం ఉండగా బర్ల్ పడ్డాడు, వాడి వెనక మన పిల్లాడు పడ్డాడు, బంతి జారింది, మొసళ్లవాడొకడు దాన్ని చంకన పెట్టుకుని హాయిగా వెళ్లిపోయాడు.

హార్లన్ ఆట పోయిన దుఃఖంలో పంచాయితీ పెట్టాడు. ఈ రోజు మనం ఏం తప్పు చేశాం, ఎవరైనా చొక్కా మార్చారా, ఎవరైనా ట్రక్కు వేరే చోట పెట్టారా అని ఒక్కొక్కర్నీ నిలదీశాడు. జట్టు ఓడితే తప్పు గట్టు మీదే ఉంటుందని మనవాళ్ల నమ్మకం కదా. అప్పుడు వాడి పెళ్లాం వర్నా ఖాళీ పళ్లెం వైపు చూస్తూ, మొసలి మాంసం ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదే అంది. అందరూ నా వైపు తిరిగారు.

అప్పుడు ఎల్బర్ట్ గారు కుర్చీలోంచి లేచి టోపీ తీశారు.

"తప్పు నాది. ఇంకా ఆట ఉండగానే, ఇక గెలిచేశాం అన్నాను. నోరు జారింది."

ఆట ముగియకముందు ఆ మాట అనకూడదని మన ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. హార్లన్ తల పట్టుకున్నాడు. "పెద్దాయనా, నీ నోటికి తాళం వెయ్యలేకపోయావా" అన్నాడు. అక్కడికక్కడే తీర్పు. ఎల్బర్ట్ గారు ఇక తాడు దాటి లోపలికి రాకూడదు.

భార్య రూత్ అక్క పోయాక ఆయన ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. వారమంతా ఆయన బతికేది ఆ శనివారం కోసం. మరుసటి శనివారం కుందేళ్లతో ఆట. మేమందరం లోపల కుందేలు కూర తింటుంటే, ఆయన మైదానం కంచె దగ్గర నిలబడి కాగితంలో చుట్టుకొచ్చిన రొట్టె ముక్క తిన్నారు. ఎంత తిన్నారో చూశాను, సగం పక్షులకు పడేశారు. దేవుడు నా మీద పగబట్టాడేమో, ఆ ఆట గెలిచాం. కుందేళ్లంటే ఎవరు, మన హైస్కూలు పిల్లలు కూడా గెలుస్తారు. హార్లన్ మాత్రం బల్లగుద్ది మరీ చెప్పాడు, దోషం పోయింది, జట్టు నిలబడింది, పెద్దాయన్ని ఈ ఏడంతా బయటే ఉంచుదామని. అందరూ తలాడించారు. నేనూ ఆడించాను.

లోవెల్, ఇప్పటిదాకా దాచాను, ఇక దాచలేను. మొసళ్ల రోజు నేను వడ్డించింది మొసలి కాదు. జెల్లచేప.

అరవకు. వినిపించుకో. లూసియానా నుంచి మొసలి తోక తెప్పిస్తానని ఊరంతా చెప్పుకున్నాను. శుక్రవారం బస్సుకు వస్తుందన్నారు. బస్సొచ్చింది, తోక రాలేదు. నీకు చేతకాకపోతే చెప్పు, నేను చూసుకుంటాను అని వర్నా వారం ముందే అని ఉంది. ఆవిడ చేత ఆ మాట మళ్లీ అనిపించుకోవడం కంటే చావు నయం. ఫ్రీజరు అడుగున, వేసవిలో ఎల్బర్ట్ గారు పట్టి, తోలు తీసి, ముక్కలు కోసిచ్చిన జెల్లలున్నాయి. మీసాలు లేవు, తల లేదు, ముక్కకు పేరు రాసి ఉంటుందా? మిరియాలు దట్టించి, మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించాను. లొట్టలేసుకుంటూ తిన్నారు. హార్లన్ అయితే, మొసలంటే ఇలా ఉండాలి అని రెండోసారి పెట్టించుకున్నాడు. ఆట రోజున, గట్టు మీద, మన గుంపు చేత మన చేపనే తినిపించిన పాపిష్టిదాన్ని నేను. మీ తాత బతికుంటే నన్ను ఇంటిపేరు వాడుకోనిచ్చేవాడు కాదు.

ఈ గురువారం ఇక ఉండబట్టలేక పక్కింటికి వెళ్లాను. ఆయన వరండాలో రేడియో బాగుచేసుకుంటున్నారు. నిలబడే చెప్పేశాను, తప్పు మీది కాదు, నాది, మీరు తిన్నది జెల్లచేప అని. ఆయన తలెత్తలేదు.

"తెలుసు" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"మొదటి ముక్క నుంచి. కోసింది నేనేగా ఇమోజీన్ గారూ. నా కత్తి కోత నేను పోల్చుకోలేనా?"

మరి గెలిచేశాం అన్న మాటో అని అడిగాను. ఆ మాట ఆయన అననే లేదట. అందరూ నా వైపు తిరిగేసరికి ఏదో ఒకటి చెప్పాలి కదా, అదే నోటికొచ్చిందన్నారు. ఆ మాట ఎవరూ వినలేదన్న సంగతి హార్లన్‌కు తట్టకపోవడమే తనకు ఆశ్చర్యమన్నారు. అంత పని ఎందుకు చేశారని కోప్పడ్డాను. నిజంగానే కోపమొచ్చింది నాన్నా, నా తప్పు ఇంకొకరు మొయ్యడం నాకు తలవంపులు.

"మిమ్మల్ని బయటికి పంపితే వంటెవరు చేస్తారు? వర్నానా?" అన్నారాయన. మళ్లీ రేడియో చేతిలోకి తీసుకుని, "అయినా చేప బాగుంది" అన్నారు.

నిన్న శనివారం, ఎద్దులతో ఆట. గొడ్డు మాంసం పొయ్యి మీద ఉడుకుతుండగా గుంపు మధ్యలో నిలబడి, గరిటె చేతిలోనే పట్టుకుని, అంతా చెప్పేశాను. బస్సూ, తోకా, ఫ్రీజరూ, ఆయన అనని మాటా, అన్నీ. హార్లన్ మొహం చూడాలి నువ్వు. తిన్నది ఇప్పుడు గుర్తొచ్చినట్టు పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇమోజీన్ అక్కా, మన చేపనే... అదీ ఆట రోజున..." అని ఆగిపోయాడు.

తీర్పు నేనే ఇచ్చుకున్నాను. గరిటె వర్నా చేతిలో పెట్టి, నా కుర్చీ మడుచుకుని, తాడు కిందుగా దూరి కంచె దగ్గరికెళ్లి కూర్చున్నాను. హార్లన్ ఎల్బర్ట్ గారి దగ్గరికెళ్లి, పెద్దాయనా, పొరపాటైంది, లోపలికి రా అని చెయ్యి పట్టుకున్నాడు. ఆయన లోపలికెళ్లారు. అందరికీ చెయ్యి కలిపారు. ట్రక్కు మీదున్న తన కుర్చీ తీసుకున్నారు, దాంతో మళ్లీ బయటికొచ్చి నా పక్కన వేసుకున్నారు. సన్నగా వాన మొదలైతే తన గొడుగు ఇద్దరికీ పట్టారు. లోపలినుంచి అందరూ చూస్తూనే ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో, కానీ లేవలేదు.

ఇక ఆట. పాపాత్మురాలు బయట ఉంది, నిర్దోషి మీద నింద పోయింది, పళ్లెంలో శాస్త్రోక్తంగా గొడ్డు మాంసమే ఉంది. అయినా ఎద్దులు మనల్ని తొక్కేశాయి. బర్ల్ పడినప్పుడల్లా గట్టంతా మూలిగింది. సగం ఆటకే లెక్క చెయ్యి దాటిపోయింది. అప్పుడు హార్లన్ తాడు దగ్గరికొచ్చి, దాని మీద రెండు చేతులూ పెట్టి, చాలాసేపు మైదానం వైపే చూశాడు.

"అక్కా, మన ఎడమ పక్క అసలు ఆగట్లేదు కదూ" అన్నాడు.

మొదటి ఆటనుంచీ ఆగట్లేదురా అన్నాను. వాడు తలూపాడు. ఐదు ఆటలకు గాను గట్టు మీద ఫుట్‌బాల్ గురించి వినపడ్డ మొదటి మాట అదే. ఆ తర్వాత అందరూ తాడు దగ్గరికి చేరి, కోచ్ బర్ల్‌ను కుడి పక్కకు మార్చాలా, ఇంటికి పంపాలా అని ఒకటే వాదన. వర్నా చేసిన మాంసం మాడిపోయింది, ఆ సంగతి ఎవరూ పైకనలేదు. నేనూ అనలేదు, దేవుడు చూస్తున్నాడు.

ఎల్బర్ట్ గారు మాత్రం ఆ వాదనలో కలవలేదు. బర్ల్ ఇంకోసారి వెల్లకిలా పడ్డాడు. ఆయన గొడుగు నా వైపు కాస్త వంచి, మైదానం మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"ఇమోజీన్ గారూ, మనవాళ్లు కప్పు గెలిచిన ఏడు మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను. ఈ ఆట చూశాక, నా జన్మలో అది జరిగేలా లేదు. ఇప్పుడే అడిగేస్తాను."

అడిగారు. నేను నవ్వాను. ఆ తర్వాత కాస్త ఏడ్చాను కూడా. జట్టు కోసమనుకుని వర్నా లోపలినుంచి రుమాలు విసిరింది.

నీ అనుమతి కోసం రాస్తున్నానని అనుకోకు లోవెల్, నేనప్పుడే పెళ్లికి సరేనన్నాను. నీకు కష్టంగా ఉంటే ఉందని రాయి, చదివి ఓర్చుకుంటాను. లేకపోతే ఆయన పేర నాలుగు ముక్కలు వేరే కాగితం మీద రాసి పంపు. రోజూ మీవాడి దగ్గర్నుంచి ఉత్తరమొచ్చిందా అని కంచె మీంచి అడుగుతుంటారు, అందులో ఏం రాశావని కాదు, నువ్వెలా ఉన్నావని.

ఇట్లు,
ఈ వయసులో బుగ్గలు ఎర్రబడ్డ
మీ అమ్మ
ఇమోజీన్