రాయి దగ్గర చేపల్లేవని రాశాను

యారాడ,
ఆదివారం.

నాన్నకు,

నీ పెద్దకూతురు శ్రీసత్య నమస్కారాలు. అమ్మ, చెల్లి, నేను బాగానే ఉన్నాం. వెరావల్‌లో బోటు మీద నువ్వూ ఒంట్లో బాగానే ఉన్నావనుకుంటాను. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. నెమ్మదిగా కూడబలుక్కుని నువ్వే చదువుకో, పక్కవాళ్ళ చేత చదివించుకోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చేపలబుట్టతో పూర్ణా మార్కెట్‌కి మళ్ళీ వెళ్తోంది. ఇంటి కప్పు కారడం లేదు. నా పర్యావరణ చరిత్ర చదువు పూర్తయింది, ఫస్టు క్లాసు వచ్చింది. "సముద్రానికి కూడా సరిత్ర ఏటే?" అని నవ్వేవాడివి. ఉంది నాన్నా. దాన్ని రాసింది నేనే, అదే నా ఏడుపు.

పోయినేడు నా థీసిస్ చూసే హిమబిందు మేడంని మన ఊరు తీసుకొచ్చాను కదా. నీళ్ళ కింద ఉన్న మన రాయి గురించి ఆవిడ అర్జునరావు పెదనాన్నని అడిగింది. పరాయివాళ్ళు అడిగితే మనవాళ్ళందరూ చెప్పేదే ఆయనా చెప్పాడు. "ఆ రాయి కాడ ఏటీ నేదమ్మా. ఇరవయ్యేళ్ళయింది సేప కంటపడి." ముందురోజే అక్కడ పద్దెనిమిది కోనం చేపలు పట్టుకొచ్చాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆ పులుసు ఇంకా మన పొయ్యి మీదే ఉంది.

ఆ మాట నా థీసిస్‌లో అలాగే రాసేశాను. మన చోటు బయటపెట్టకూడదనే రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. సముద్రం చచ్చిపోతోందని థీసిస్ రాసేదానికి అంతకన్నా మంచి వాక్యం దొరకదు. మేడం దాని కింద గీత గీసి 'బాగుంది' అని రాస్తే పొంగిపోయాను.

ఓడల దారిలో తవ్విన బురద ఎక్కడ పోయాలా అని చూస్తున్న పోర్టువాళ్ళకి నా థీసిస్ దొరికింది. మన రాయి మీద పోస్తామన్నారు. పోయిన నెల సభ పెట్టి, వాళ్ళ ఆఫీసరు నా పేరు చెప్పి మరీ పెదనాన్న మాట చదివాడు. పెదనాన్న లేచి, "సేపలున్నాయి బాబూ. ఆ యేళ అబద్దమాడినాను" అన్నాడు.

"అప్పుడు అబద్ధమా, ఇప్పుడా?" అన్నాడు ఆఫీసరు. అందరూ నవ్వారు. పెదనాన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను నాన్నా. తెలిసే అబద్ధం రాశానంటే డిగ్రీ పోతుందని భయపడ్డాను. తర్వాత అర్జీ పట్టుకెళ్తే గడువు అయిపోయిందన్నారు. పోయిన సోమవారం నుంచి బురద పోస్తున్నారు.

సీజను అయ్యాక వచ్చేసి మన రాయి దగ్గరే వేటాడుకుంటానని అన్నావు. ఒడ్డు మీద గుర్తులు ఇంకా కనబడుతున్నాయా అని అడిగావు. కనబడుతున్నాయి. లైట్‌హౌసూ, వెనక కొండ మొనా ఒక వరసలోకి వస్తే నువ్వు సరిగ్గా రాయి మీదే ఉంటావు. రావద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు, రమ్మని ఎలా రాయను?

నిన్న పెదనాన్న అక్కడికే వెళ్ళి వచ్చాడు. "ఏటుంది బావా అక్కడ?" అని అమ్మ అడిగింది.

"ఏటీ నేదు" అన్నాడు.

ఇంట్లోవాళ్ళతో ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు నాన్నా.

ఇట్లు,
ఆ సభలో లేచి నిలబడని నీ కూతురు
శ్రీసత్య